నాలుగో గంట

హకొదాతె ఆసుపత్రిలో, మంచు పడుతున్న పొద్దున
రెండు గుడ్ల పొరటు, ఒక రొట్టెముక్క, అరగ్లాసు నీళ్లు.
"పది నిమిషాల్లో తినెయ్యాలి, కుమగాయ్ గారూ"
అంది సుజుయో.
గుడ్లలో కలిపిన మందు
కంటికి ఆనదు, నాలుక్కి తెలీదు,
గామా కెమెరాకి మాత్రం మిణుగురు.

తొకుజో కుమగాయ్. డెబ్బై నాలుగేళ్లు.
వాళ్ల మాటలో "ఇక" అంటే స్క్విడ్.
ఇక, ఇక అంటూనే యాభై ఏళ్లు
పడవంతా దీపాలు వేలాడదీసి
నడిరాత్రి సముద్రాన్ని పట్టపగలు చేసినవాడు.
చక్కెర జబ్బు వచ్చి పదిహేడేళ్లు.
నిన్న తిన్న అన్నం
ఇంకా కడుపులోనే కూచునుంది, అంటాడు
ఇంటికొచ్చి వెళ్లని చుట్టం గురించి చెప్పినట్టు.

కడుపులో చల్ల కదలకుండా బతకమంటుంది నా భాష.
ఈయన్ని చూశాక
ఆ దీవెన వెనక్కి తీసుకోవాలనిపించింది.

కదలాలి.
నిమిషానికి మూడుసార్లు ఒక అల పుట్టాలి పైన,
కిందికి బిగుసుకుంటూ రావాలి,
మెతుకుని గుమ్మందాకా తొయ్యాలి.
గుమ్మం పిసినారిది.
ఆవగింజ కన్నా నలిగిందాన్నే పోనిస్తుంది,
మిగిలింది వెనక్కి విసిరి, మళ్లీ నూరుకు రమ్మంటుంది.
నీళ్లయితే అడక్కుండానే జారిపోతాయి.
ఈ పనంతా చేయించే నరం
మెదడులో బయల్దేరి గుండెని పలకరించి
కడుపుదాకా వచ్చే దేశదిమ్మరి.
ఆయన ఒంట్లో అది
ఏ మలుపులోనో దారి మరిచింది.

మొదటి గంట. తెరమీద
నల్లటి పొట్టలో తెల్లటి ముద్ద.
రెండో గంట. అదే ముద్ద.
మధ్యలో తినకూడదు, పడుకోకూడదు.
కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీ,
అద్దం అవతల మంచు తవ్వే బండి.

మూడో గంటలో సుజుయో కడుపు గుర్రుమంది.
పొద్దున్నించీ ఖాళీ కదా,
లోపల ఎవరో చీపురు పట్టుకుని
ఈ చివర్నించి ఆ చివరికి ఊడుస్తున్నారు.
సిగ్గుపడి ఫైలు అడ్డం పెట్టుకుంది.
ఆయన చెవి రిక్కించాడు, పాత ఇంజను మనిషి.
"బాగా స్టార్టయింది, ఆపకు" అన్నాడు.
నవ్వితే పొట్ట నొప్పెట్టి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడే చెప్పాడు:
"స్క్విడ్‌కి తిండిగొట్టం
మెదడు మధ్యలోంచే పోతుంది, తెలుసా?
పెద్ద ముక్క మింగితే మెదడే గీసుకుపోతుంది.
అందుకే అంత ముక్కుండీ
చిన్న చిన్నగా కొరుక్కు తింటుంది.
కోసి చూస్తే తెలుస్తుంది, గారె మధ్య చిల్లులా.
నేను వాటిని చంపి బతికాను.
నిలబడే మింగేవాణ్ని, వల వదిలితే కదా కూచోడానికి."
కాసేపాగి,
"వల కాదులే, గాలం" అని దిద్దుకున్నాడు.
ఆ తప్పు దొర్లినందుకు
జబ్బు కన్నా ఎక్కువ నొచ్చుకున్నట్టున్నాడు.

నాలుగో గంట.
పదోవంతుకి మించి మిగలకూడదు.
సగం పైనే ఉంది.
చెప్పాల్సింది డాక్టరు. సుజుయో చెప్పకూడదు.
తెర కొంచెం పక్కకి తిప్పింది,
ఆయనకి కనపడేంత.

చాలాసేపు చూశాడు.
ఎప్పుడో కొండమీంచి చూసినట్టు,
అవతల చీకట్లో
ఒంటరిగా వెలుగుతున్న పడవని.
"అందరూ తిరిగొచ్చేశారు,
వీడొక్కడే లంగరెత్తలేదు" అన్నాడు.
చొక్కా గుండీలు పెట్టుకుంటూ
"నువ్వెళ్లి తిను పో" అన్నాడు, కూతురితో అన్నట్టు కాదు,
డ్యూటీ దిగే కుర్రాడితో అన్నట్టు.

మెట్లమీద నిలబడి
నోరి చుట్టిన అన్నంముద్ద విప్పింది.
మొదటి కబళం
నమిలి, నమిలి,
మింగాలంటే ఎందుకో భయమేసింది.
తర్వాత మింగింది.